సాక్షి ఇంట్లో లేసు

పులివెందుల,
10 సెప్టెంబరు 1995.

సుందరత్తకు,

నీ అన్న కూతురు వసంత రాసేది. వందనాలు.

నేనూ సలోమీ బాగుండాము. సలోమికి ముందరి పన్ను ఊడింది. మిద్దె మీదికి విసరమంటే జేబులో పెట్టుకోని బడికంతా చూపించి వచ్చింది. మా ఆయన, నీ అల్లుడు, బాగుండాడని మాత్రం రాయలేను. జూన్‌లో పంచాయతీ ఎలక్షన్లకు ఆయప్పకు పక్క పల్లె బడిలో పోలింగ్ డ్యూటీ పడింది గదా. ఓట్లు పడతాండంగానే ఆ బడి ముందర ఒక పార్టీ తరపున బూతులో కూర్చునే గఫూర్ అనే ఏజెంటును కొడవళ్లతో నరికి చంపినారు. ఆ బూతుకు పెద్ద ఆఫీసరు నీ అల్లుడే. కిటికీలోంచి చూసినానని ముగ్గురి పేర్లు ఆ పొద్దే పోలీసులకు చెప్పినాడు. ఇప్పుడు ఆ కేసులో పెద్ద సాక్షి ఆయనే. పాఠాలు చెప్పేదానికి బడికి పోతాండాడు, వస్తాండాడు, అంతే. అన్నం ముద్ద చేతిలో పెట్టుకోని తినేది మర్చిపోతాండాడు.

నేను కూడా బయట తిరిగేది తగ్గించినా. బజారుకు పోతే ఈ పార్టీ వాళ్లు ఒక మాట అడుగుతారు, ఆ పార్టీ వాళ్లు ఇంకో మాట అడుగుతారు. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చి పట్టేట్టుంది. అందుకే నా పెండ్లికి నువ్విచ్చిన టాటింగ్ షటిల్ పెట్టెలోంచి తీసినా. చిన్నప్పుడు నువ్వు ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చి, పడవ మాదిరుండే ఆ షటిల్‌ను వేళ్ల సందున ఆడిస్తా లేసు అల్లుతాంటే చూసినా గాని నేర్చుకోలే. ఇప్పుడు గుర్తు చేసుకోని, ఎడమ చేతి వేళ్లకు దారం చుట్టి ముడులు వేస్తాండా. ముడులు పడతాండాయి. కానీ కడాన దారం లాగితే ముడులన్నీ దగ్గరికొచ్చి గుండ్రంగా రింగు కావాల, అది మూసుకోదు. ఎంత లాగినా బిగుసుకోని నిలబడతాది. తప్పు యాడుందో రాయి.

నీ
వసంత

జమ్మలమడుగు,
17 సెప్టెంబరు 1995.

అమ్మీ వసంతా,

మీ ముగ్గుర్నీ దేవుడు కాపాడాలని రోజూ అడుగుతాండా. మోకాళ్లు వంగక మంచం మీద కూర్చోనే ప్రార్థన చేస్తాండా. ముప్పై ఏండ్లు వార్డుల్లో నిలబడిన మోకాళ్లు, ఆయనే అర్థం చేసుకుంటాడులే.

నీ తప్పు చూడకుండానే చెప్తా. అందరూ మొదట చేసేది అదే. నువ్వు షటిల్ దారంతో ముడి వేస్తాండావు, ఆ ముడి షటిల్ దారంలోనే ఉండిపోతాంది. అట్ల ఉండకూడదు. ముడి వేయంగానే ఎడమ చేతి వేళ్లు వదులు చెయ్యి, కుడిచేతిలో షటిల్ దారం బిర్రుగా లాగిపట్టు. అప్పుడు ముడి ఈ దారం ఇడిసిపెట్టి వేళ్ల మీదుండే దారానికి దూకుతాది. దూకేది కంటికి కనపడతాది. ప్రతి ముడికీ షటిల్ దారం లాగి చూసుకో, లోపల జారాల. ఒక్క ముడి దూకకపోయినా ఆ రింగు మూసుకోదు. దాన్ని లాగిలాగి బాగు చేయాలని చూడొద్దు. కత్తిరించి పారేసి మళ్లీ మొదలుపెట్టు. నాకు నేర్పిన మిస్సమ్మ నా మొదటి లేసంతా నా ముందరే కత్తిరించింది. నేను ఏడిస్తే బిస్కట్టు ఇచ్చి మళ్లీ కూర్చోబెట్టింది.

అల్లునికి నా మాటగా చెప్పు. చూసింది చూసినట్టు చెప్పిన మనిషి ఎవురికీ తల వంచాల్సిన పని లేదు. పోలీసుల కాడ చెప్పినాడు, రేపు కోర్టులోనూ చెప్తాడు. మన ఇంట్లో అట్లాంటి మనిషి ఉండాడని నాకు గర్వంగా ఉండాది.

దారం ఈ ఊర్లో మంచిది దొరకలేదు. ప్రొద్దుటూరులో వీరభద్రయ్య అంగడికి పోయి తెప్పించి పంపుతా.

నీ అత్త
సుందరమ్మ

పులివెందుల,
23 జూన్ 1996.

అత్తా,

నీ దారం ఉండలు, బొమ్మ గీసి పంపిన కాగితాలు అన్నీ చేరినాయి. సంక్రాంతికి ముందే రింగు మూసేది నేర్చుకున్నానని రాసినా గదా, ఇప్పుడు రింగు నుంచి రింగుకు వంపుగా కలిపే చైను కూడా వచ్చింది. సలోమి గౌను మెడకు చుట్టూ లేసు వేసినా. చర్చిలో పాస్టరమ్మ పట్టుకోని పట్టుకోని చూసింది.

ఈ సంగతి నీకు చెప్పాల్నా వద్దా అని శానా దినాలు అనుకున్నా. మా వీధి చివర ఒక సాయిబులామె బాడుగకు దిగింది. పేరు అఖ్తర్ బీ. లంగాలు, జాకెట్లు కుట్టి బతుకుతాది. సలోమి గౌను చూసి ఆ లేసు ఎట్ల వేసినావని అడిగింది. లోపలికి పిల్చి చూపించినా. మూడో దినం గాని నాకు తెలీలే, ఆమె చచ్చిపోయిన గఫూర్ తల్లి. పల్లెలో ఉండలేక చిన్న కొడుకు దావూద్‌ను తీసుకోని ఈడికి వచ్చింది. ఆ పిల్లోడు మోటారు సైకిళ్ల షెడ్డులో పని చేస్తాండాడు.

రోజూ మధ్యాన్నం వస్తాంది. కేసు మాట ఒక్కటి కూడా ఎత్తదు. చెక్క ముక్కతో షటిల్ ఆమే చెక్కించుకుంది. నాకు నెలలు పట్టిన ముడి ఆమెకు రెండు దినాల్లో వచ్చింది. పోయేటప్పుడు మాత్రం వాకిట్లో నిలబడి, "సారు బాగుండాడా?" అంటాది. బాగుండాడంటా. పోతాది. నీ అల్లుడు ఇంట్లో ఉంటే ఆమె గొంతు వినపడంగానే పెరట్లోకి పోతాడు. ఆమె పోయిందాకా రాడు. ఆ మొగం చూడలేక అనుకుంటా. కంటి ముందర కొడుకును నరికితే చూసిన మనిషి, తల్లికి ఎదురుగా ఎట్ల కూర్చుంటాడు?

ఇంగ మా ఇద్దరికీ ఒక సందేహం. ఒక వరస అయిపోతే దారం తెంచి పై వరస మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తాంది. కొసలన్నీ సూదితో దాచి కుట్టేసరికి చేతులు పడిపోతాండాయి. దారం తెంచకుండా పై వరసకు ఎక్కే దారి ఉందంటివే, అది చెప్పు.

వసంత

జమ్మలమడుగు,
2 జులై 1996.

వసంతా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. లేసు సంగతి తరవాత. మొదట ఆ మనిషి సంగతి.

అమ్మీ, నీకు లోకం తెలీదు. ఆస్పత్రిలో నరుకులు తిని వచ్చినోళ్లకు కట్లు కట్టినదాన్ని నేను. చచ్చినోని తరపు మనుషులు సాక్షి చుట్టూ ఎట్ల తిరుగుతారో చూసినా. మొదట ఏమీ అడగరు. వచ్చి కూర్చుంటారు. రేపు కోర్టు దగ్గరికి వచ్చేసరికి, మీ ఇంట్లో మనిషి మాదిరి కూర్చుంటిమి గదా, మా మాట చెప్పు అంటారు. ఆమె మీ ఇంటికి వస్తాందని అవతలి పార్టీ వాళ్లకు తెలిస్తే, సాక్షిని కొన్నారని ఊరంతా చాటుతారు. అప్పుడు అల్లుడు నిజం చెప్పినా నిజం కాకుండా పోతాది. కేసు తేలిందాకా ఆమెను గడప తొక్కనీయొద్దు.

నువ్వు అడిగిన పనికి స్ప్లిట్ రింగు అంటారు. రెండు షటిళ్లు కావాల. రింగు సగం మొదటి షటిల్‌తో ఎప్పటి మాదిరే వెయ్యి. తరవాత చెయ్యి తిప్పుకోని మిగతా సగం రెండో షటిల్‌తో అవతలి పక్క నుంచి వెయ్యి. ఈ సగంలో ముడి దూకకూడదు. నువ్వు మొదట్లో చేసిన తప్పు ఉంది చూడు, ఈడ అదే సరైన పని. దూకే ముడి అలవాటైన చెయ్యి దూకనీకుండా ఆపడానికి తిప్పలు పడతాది. ఓపిక పట్టు. అప్పుడు రింగు మూస్తే రెండు దారాలూ ఎదురెదురు కొసల నుంచి బయటికి వస్తాయి, తెంచకుండా పైకి పోవచ్చు.

ఎడమ కంట్లో పొర వస్తాందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషనంట. నల్లదారం ఇప్పటికే మానుకున్నా.

అత్త

పులివెందుల,
8 డిసెంబరు 1996.

అత్తకు వసంత,

శానా నెలలు రాయలేదని అనుకోవద్దు. రాయబుద్ధి కాలే.

నువ్వు చెప్పినట్టే చేసినా. జులైలో అఖ్తర్ బీ వచ్చినప్పుడు తలుపు తీయలే. సలోమి తీయబోతే చెయ్యి పట్టుకున్నా. ఆమె బయట నిలబడి, "అమ్మీ, ఉండావా?" అన్యింది. నేను లోపల నిలబడి ఊపిరి బిగబట్టినా. మరుసటి దినమూ వచ్చింది. మూడో దినం రాలే. అప్పటి నుంచి కొళాయి కాడ కనపడినా తల తిప్పుకోని పోతాంది. నీ స్ప్లిట్ రింగు కాగితం నేనొక్కదాన్నే పెట్టుకోని కూర్చున్నా. రెండో సగం నాకు రాలే.

పోయిన వారం సమన్లు వచ్చినాయి. ఫిబ్రవరిలో ప్రొద్దుటూరు కోర్టులో సాక్ష్యం. సమన్లు వచ్చిన రెండో దినమే నరికినోళ్ల పార్టీ జీపు ఒకటి వచ్చింది. దిగినాయప్ప శానా మర్యాదస్తుడు. చెప్పులు బయట ఇడిసి, కాఫీ తాగి, సలోమిని దగ్గరికి తీసుకోని ఏ బడికి పోతాండావు, ఏ దోవలో పోతాండావు అని అడిగినాడు. అది అన్నీ చెప్పింది. లేచి పోతా నీ అల్లునితో, "సారూ, ఆ పొద్దు దుమ్ము లేచింటాది, ఎవురు ఎవురో మనిషికి కనపడదు గదా" అన్యాడు. అంతే, ఇంగేమీ అన్లే.

నువ్వు రాసే ప్రతి ఉత్తరంలోనూ నిజం చెప్పు, నిజం చెప్పు అంటాండావు. ఆ మాటలు ఆయనకు చదివి వినిపించేది నేనే. వింటా గోడ వైపు తిరుగుతాడు. నిజం చెప్పమనేది సులభం అత్తా, నువ్వు జమ్మలమడుగులో మంచం మీద కూర్చోని ఉండావు. నా బిడ్డ ఏ దోవలో పోతాందో ఆ జీపాయనకు తెలుసు. నేను నీ అల్లునికి చెప్పేసినా. ఏమీ చూడలేదని చెప్పి ఇంటికి రా అన్యా. నన్ను ఏమైనా అనుకో.

వసంత

జమ్మలమడుగు,
15 డిసెంబరు 1996.

వసంతకు,

నీ మాటలు నాకు తగిలినాయి. తగలాలనే రాసినావు, సరే.

ఒక మాట మాత్రం చెప్పాల. నేను జాగ్రత్తగా ఉండమన్నా గాని కొడుకును పోగొట్టుకున్న మనిషిని బయట నిలబెట్టి లోపల ఊపిరి బిగబట్టమన్లే. నాలుగు మంచి మాటలు చెప్పి, కేసు అయినాక రామ్మా అని పంపించొచ్చు గదా. గడప తొక్కనీయొద్దని రాసింది నేనే, ఒప్పుకుంటాండా. నేను రాసింది ఒకటి, నీకు అందింది ఒకటి. ఎదురుగా ఉండింటే నా మొగం చూసి అర్థం చేసుకుందువు.

సలోమిని పంపు. ఈడ హాస్టలు బడిలో చేరుస్తా. దాని భయం లేకపోతే అల్లుడు ధైర్యంగా మాట్లాడతాడు. వాయిదా పొద్దు నేను ప్రొద్దుటూరుకు వస్తా. కంటి ఆపరేషన్ అయింది, నల్లద్దాలు పెట్టుకోని అయినా వస్తా. అల్లుడు బోనెక్కినప్పుడు మనోళ్లు ఒకరైనా కనపడాల.

సుందరమ్మ

జమ్మలమడుగు,
19 ఫిబ్రవరి 1997.

వసంతా,

సలోమిని పంపలేదు, జవాబు రాయలేదు. అయినా నేను నిన్న కోర్టుకు పోయినా. నువ్వు బిడ్డను ఇడిసి రాలేదని అల్లుడు చెప్పింటాడు. నన్ను చూసినట్టు చెప్పినాడో లేదో తెలీదు. చూసినాడు. చూసి తల దించుకున్నాడు.

పొద్దున్నే పోయి వరండాలో బెంచీ మీద కూర్చున్నా. నా పక్కన ఒక మనిషి తలమీద కొంగు కప్పుకోని చేతిలో ఏదో ఆడిస్తాంది. ఒంటి కన్నుతో చూస్తే చెక్క షటిల్. ఎడమ చేతి వేళ్లకు దారం.  "ఈ పని ఎవురు నేర్పినారమ్మా?" అంటే, "మా వీధిలో ఒక సారమ్మ" అన్యింది. "ఇప్పుడు పోతాండావా ఆడికి?" అన్యా. "వద్దన్యారు. వాళ్ల భయం వాళ్లది" అన్యింది. నేనెవరో చెప్పలే. 

తరవాత ఆమే చెప్పింది. ఆమె మీ ఇంటికి వచ్చింది సాక్ష్యం కోసం కాదు వసంతా. పెద్దోడు పోయినప్పటి నుంచి వాని పార్టీ నాయకుని మనుషులు దావూద్ ఎంబడి పడినారంట. అన్నను చంపినోళ్లు కండ్ల ముందర తిరుగుతాంటే మోటారు సైకిళ్లు తుడుస్తా కూర్చుంటావా అని. ఈమె కొడుకు చేతులు పట్టుకోని ఒకటే మాట చెప్పిందంట: "సారు చూసినాడు. సారు కోర్టులో చెప్తాడు. అందాకా ఆగు." వాడు నమ్మలేదంట. నమ్మించడానికి రోజూ మీ ఇంటికి వచ్చేదంట. సాయంత్రం ఇంటికి పోయి, "సారోళ్ల ఇంట్లోనే ఉండి వస్తాండా, మంచోళ్లు, చెప్తారు" అని కొడుక్కి చెప్పేదానికి. మనం తలుపు వేసినాక వాడు ఇంట్లో అన్నం తినేది మానేసినాడంట. అయినా కోర్టు దాకా ఆగినాడు. వరండా అవతల స్తంభాన్ని ఆనుకోని నిలబడి ఉండె. పొడుగ్గా, ఎముకల గూడు మాదిరి.

అల్లుణ్ణి పిల్చినారు. నేను లోపలికి పోయి వెనక నిలబడినా. సర్కారు వకీలు అడిగినాడు. అల్లుడు, "తలుపూ కిటికీ మూసి ఉండె. నేను లోపల ఉంటి. ఏమీ చూడలే. పోలీసులు ఏం రాసుకున్నారో నాకు తెలీదు" అన్యాడు. మళ్లీ మళ్లీ అడిగినా అదే మాట.  

బయటికి వచ్చేసరికి స్తంభం కాడ దావూద్ లేడు. అఖ్తర్ బీ కూర్చున్న చోటే ఉండె. నా చెయ్యి పట్టుకోని, "తలుపు మూసి ఉండె అంటాడే. నా కొడుకు ఏజెంటు గదా, లోపల ఉండాల్సినోడు. తలుపు మూసినప్పుడు నా బిడ్డ లోపల ఉండెనా, బయట ఉండెనా?" అని అడిగింది.  నీ మొగుణ్ణి అడుగు. అడిగి ఆమెకు పోయి చెప్పు.

అత్త

పులివెందుల,
2 మార్చి 1997.

అత్తా,

నీ ఉత్తరం ఆయన ముందర పెట్టి, చదువు అన్యా. చదివినాడు. మడిచి పెట్టి, "బయట" అన్యాడు.

ఏడాదిన్నరకు పైగా నా పక్కన పడుకున్న మనిషి కడుపులో ఏముండేదో ఆ పొద్దు తెలిసింది. అరుపులు వినపడంగానే తలుపు మూసి గడియ వేసింది ఆయనేనంట. లోపల ఓట్లు వేయను వచ్చిన ఆడోళ్లు ఉండారు, ఒకామె చంకలో పసిబిడ్డ. గఫూర్ నీళ్లు తాగను బోరింగ్ కాడికి పోయి ఉండె. పరిగెత్తుకుంటా వచ్చి తలుపు మీద పడి, "సార్, నేను గఫూర్ని, తీయండి సార్" అన్యాడంట. ఈయన గడియ మీద చెయ్యి పెట్టినాడు. తీస్తే కొడవళ్లోళ్లూ లోపలికి వస్తారు. తీయలే. కిటికీలోంచి చూసినాడు. అంతా చూసినాడు.

నేను ఏమనుకున్నానో తెలుసునా? జీపాయనకు భయపడి, నా మాటకు, సలోమి కోసం అబద్ధం చెప్పినాడని. అది కాదంట. చూసినానంటే అవతలి వకీలు, "ఆ మనిషి తలుపు కొట్టినప్పుడు నువ్వేం చేసినావు?" అని అడుగుతాడు, ఆ తల్లి ముందర జవాబు చెప్పాల. దానికి భయపడినాడు. నువ్వు నిజం చెప్పమని రాసిన ప్రతిసారీ ఆయనకు తలుపు సంగతే చెప్పమన్నట్టు వినపడేదంట. నీకు తెలిసిపోయిందేమో అనుకున్నాడంట.

ముగ్గుర్నీ ఇడిసిపెట్టినారు. ఆ సాయంత్రం మా వీధిలో టపాకాయలు కాల్చినారు. జీపాయన మిఠాయి పొట్లం పంపించినాడు. పెంటకుప్పలో పారేసినా.

మరుసటి దినం మేమిద్దరం అఖ్తర్ బీ ఇంటికి పోయినాము. పట్టపగలు, అందరూ చూస్తాండంగానే. ఆయన గడప బయటే నిలబడి మొత్తం చెప్పినాడు, ఒక్క మాట కూడా దాచుకోలే. ఆమె కుట్టు మిషన్ మీద చేతులు పెట్టుకోని విన్యింది.  తరవాత, "లోపల ఉన్న ఆడోళ్లు, ఆ పసిబిడ్డ, అందరూ బాగుండారా?" అని అడిగింది. బాగుండారన్యాడు. "అయితే ఆ మాట కోర్టులో చెప్పాల్సింది సారూ. తలుపు మూసినందుకు నిన్ను ఎవురూ ఉరి తీయరు. నరికినోళ్ల పేర్లు చెప్పింటే నా చిన్నోడు ఇంట్లో ఉండేటోడు" అన్యింది.

దావూద్ కోర్టు నుంచి ఇంటికి రాలేదంట. షెడ్డుకు కూడా పోలేదంట. యాడుండాడో ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

నీ అల్లుడు వాడుండే ఆ గఫూర్ పార్టీ నాయకుని తోట కాడికి కూడా పోయి వచ్చినాడు, పిల్లోనితో మాట్లాడతానని. గేటు కాడే తోసేసినారు.

వసంత

జమ్మలమడుగు,
1 జూన్ 1997.

వసంతా, అల్లుడికీ చదివి వినిపించు,

ఈసారి మంచి కబురు. నా కాడ పనిచేసిన నర్సు మొగుడు చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఫోర్మన్. వాణ్ణి ఇంటికి పిలిపించి పట్టుకున్నా. దావూద్ సంగతంతా చెప్పినా. మిషన్ల పని తెలిసిన పిల్లోడైతే లారీల షెడ్డులో పెట్టుకుంటానన్యాడు. క్వార్టర్సులో ఉండొచ్చు, బయట తిరిగే పని లేదు. తొమ్మిదో తేదీ సోమవారం పిల్చుకోని రమ్మన్యాడు. అఖ్తర్ బీకి చెప్పు. తల్లి పోయి ఏడ్చి అడిగితే వస్తాడు. రాకపోతే నేనే వస్తా. ముసలిదాన్ని, ఆ గేటు కాడ నన్ను ఎవురు తోస్తారో చూస్తా.

ఇంకో సంగతి. నీకు రెండో సగం ఎందుకు రాలేదో ఆలోచించినా. నేనే ఒక ముక్క రాయకుండా ఇడిసినా. బొమ్మ కొత్తగా గీసి పంపుతాండా. ఎడమ చెయ్యి అసలు కదలకూడదు, వేళ్ల మీది దారం బిర్రుగానే ఉండాల, పనంతా రెండో షటిలే చేస్తాది. రెండు కాగితాలు పెట్టినా, ఒకటి ఆమెకు ఇయ్యి. నేనెవరో కూడా ఆమెకు చెప్పు. కోర్టులో చెప్పలేకపోయినా.

కన్ను బాగా కనపడతాంది. నల్లదారం కూడా.

అత్త

పులివెందుల,
6 జూన్ 1997.

అత్తా,

నీ ఉత్తరం నిన్న చేరింది. దావూద్ మొన్న చచ్చిపోయినాడు.

తోటలో, కొట్టంలో బాంబులు కడతాంటే ఒకటి చేతిలోనే పేలిందంట. వానితో ఇంకో ఇద్దరికి దెబ్బలు. ఆస్పత్రికి తీసుకపోలే. తీసుకపోతే పోలీసులు వస్తారని ఆడనే పెట్టుకున్నారు. పొద్దు గుంకే లోపల పోయినాడు.

నిన్న పొద్దున వాళ్లే జీపులో తెచ్చి ఇంటి ముందర దించినారు. మైకు పెట్టినారు. నాయకుడు వచ్చి, పార్టీ కోసం ప్రాణమిచ్చినాడని చెప్పి జెండా కప్పినాడు. అఖ్తర్ బీ లేచి వచ్చి ఆ జెండా తీసి, మడిచి, నాయకుని చేతిలో పెట్టింది. "నీది నువ్వు తీసుకపో. పిల్లోడు నావాడు" అన్యింది. మైకు ఆగిపోయింది. నాయకుడు జీపెక్కినాడు. వాళ్ల మనుషులంతా వానెంబడే పోయినారు. ఆమె మాట వాళ్లకు నచ్చలేదు గాబోలు. పాడె మోసేదానికి అఖ్తర్ బీ తమ్ముడు, మసీదు కాడి ముసలోళ్లు ఇద్దరు మిగిలినారు. నాలుగో మనిషి లేడు.

నీ అల్లుడు చెప్పులు ఇడిసి పోయి భుజం పట్టినాడు. మట్టి చేసే చోటు వాళ్ల పల్లెలోనే, ఆ ముగ్గురు నిందితుల ఇండ్ల ముందరి నుంచే పోవాల దోవ. వాళ్లు అరుగుల మీద కూర్చోని చూస్తాండారు. ఎవురూ ఏమీ అన్లే. చూసినారు.

మట్టి చేసి వచ్చినాక ఆయన అఖ్తర్ బీ ముందర కూర్చున్నాడు. "అమ్మా, నేను కోర్టుకు పోయి అబద్ధం చెప్పినానని రాసిస్తా. ఆ ముగ్గురి పేర్లు మళ్లీ చెప్తా" అన్యాడు. ఆమె ఆయన మొగం దిక్కు చూసి, "ఇప్పుడెందుకు సారూ? ఇప్పుడు చెప్పి ఎవుర్ని ఆపుతావు? నాకు ఇంగ కొడుకులు లేరు" అన్యింది. అనేసి గోడకు ఆనుకోని కండ్లు మూసుకుంది.  నీ బొమ్మ కాగితం నా సంచిలోనే ఉండె. ఇయ్యలేదు. చిలమకూరు మాట కూడా చెప్పలే. ఎట్ల చెప్తా?

ఈ పొద్దు వకీలును కలిసినాడు. పనికి రాదు సారూ, కేసు కొట్టేసినారు, మళ్లీ తెరవరు, అబద్ధపు సాక్ష్యం కింద నిన్నే లోపలేస్తారు అన్యాడంట. ఉద్యోగం పోతాది. అవతలి వాళ్లు ఊరుకోరు. ఇవతలి వాళ్లకు కూడా ఇప్పుడు ఆయన కావాల్సినోడు కాదు. ఇవన్నీ తెలిసినా ప్రొద్దుటూరు బస్సెక్కినాడు. నేను అడ్డం పడలే. కోర్టప్పుడు చూడలేదని చెప్పి రమ్మన్యింది నేనే. ఇప్పుడు ఏం మొగం పెట్టుకోని వద్దంటా? పోయి ఏం సాధిస్తాడో తెలీదు. ఆమె కోసం పోతాండాడో, తన కోసం పోతాండాడో అది కూడా నాకు తెలీదు. తిరిగి వస్తే ఆయన పక్కన ఒకరుండాల గదా అని నేను ఈడ ఉంటాండా.

సలోమిని రేపు పొద్దున పాస్టరమ్మ వెంట నీ కాడికి పంపుతాండా. నిద్రలో ఉలిక్కిపడతాది, చెయ్యి మీద చెయ్యి వేసి పండుకో. పాలు తాగదు, మజ్జిగ పొయ్యి. వాళ్ల నాయన యాడని అడుగుతాది. కోర్టులో సాక్ష్యం చెప్పేదానికి పోయినాడని చెప్పు. ఈసారి అది అబద్ధం కాదు.

వసంత